ప్లానర్ కన్నా లాంగ్ నోట్‌బుక్కే మేలు: మంచి అలవాట్ల కోసం కొనే సరుకు మీద సమీక్ష

డిసెంబరు నెలాఖరుకి నెల్లూరు ట్రంకు రోడ్డులోనూ ఒంగోలు కర్నూలు రోడ్డులోనూ స్టేషనరీ షాపుల ముందు డైరీలు, ప్లానర్లు దొంతర్లుగా లేస్తాయి. రోజూ చదవాలి, నడవాలి, లెక్క రాసుకోవాలి, ఫోను తగ్గించాలి అనుకునేవాళ్లు అక్కడే డబ్బు పెడతారు. ఈ సరుకులో ఏది పనికొస్తుందో ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది. నాలుగు రోజులు తప్పిపోయాక అయిదో రోజు దాన్ని మళ్లీ తెరవబుద్ధి అవుతుందా? ఇంట్లో పెళ్లి, పిల్లలకు జ్వరం, ఊరి ప్రయాణం ఎవరికైనా తప్పవు. తప్పిన రోజుల్ని తట్టుకోలేని పుస్తకం ఎంత అందంగా ఉన్నా ఫిబ్రవరికి అటక ఎక్కుతుంది. ఈ లెక్కన చూస్తే 200 పేజీల లాంగ్ నోట్‌బుక్, వంటింటి టైమరు, గోడ క్యాలెండరు ఈ మూడూ చాలు.

ముందు ఆ రంగు రంగుల ప్లానర్ల సంగతి. 21 రోజుల్లో అలవాటు స్థిరపడుతుందని అట్ట మీదే రాసి, లోపల 21 గళ్ల పట్టికలు వేసి అమ్ముతున్నారు. ఈ 21 ఎక్కడిదంటే, 1960లో అమెరికాలో ఒక ప్లాస్టిక్ సర్జన్, ఆపరేషన్ అయిన మనిషి తన కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని రాశాడు. చేతులు మారేకొద్దీ ‘కనీసం’ అన్న మాట జారిపోయింది, ముఖం పోయి అలవాటు వచ్చింది. లండన్‌లో 96 మంది మీద 12 వారాల పాటు చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఒక పని దానంతట అది జరిగే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషినీ పనినీ బట్టి అది 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉంటుందని, 12 వారాలు దాటినవాటికి అంచనా వేసి లెక్కకట్టారు. మంచినీళ్లు తాగడం లాంటిది తొందరగా కుదిరింది, వ్యాయామం ఆలస్యమైంది. మధ్యలో ఒక రోజు తప్పినందువల్ల చెప్పుకోదగ్గ నష్టం లేదని కూడా అందులోనే తేలింది. అంటే 21 గళ్లూ నిండేసరికి చాలామందికి అలవాటు ఇంకా వేళ్లూనుకోనే లేదు. పట్టిక అయిపోయింది కదా అని అక్కడ ఆపేస్తారు. పైగా నీళ్లు, నిద్ర, ధ్యానం, నడక, చదువు అంటూ ఒకే పేజీలో పది వరసలు. పదీ ఒకే రోజు మొదలుపెట్టినవాళ్లకు రెండు మూడు వారాల్లో ఒక్కటీ మిగలదు. కాగితం మందంగా ఉంటుంది, రిబ్బను ఉంటుంది, నిజమే. ఎవరికైనా బహుమతిగా ఇవ్వడానికి బాగుంటుంది. వాడుకోవడానికి మాత్రం సిఫారసు చేయలేం.

ఉచితంగా వచ్చే డైరీలు వేరు. ఎరువుల కొట్టువాళ్లు, రొయ్యల మేత డీలర్లు, బ్యాంకులు, ఇన్సూరెన్సు ఏజెంట్లు ఇచ్చేవి ప్రతి ఇంట్లో ఒకటో రెండో ఉంటాయి. రోజుకో పేజీ, ఆదివారానికి చాలావాటిల్లో అర పేజీ. వీటి లోపమల్లా అచ్చేసిన తేదీ. తప్పిన నాలుగు రోజులూ నాలుగు తెల్ల పేజీలై ఎదురుగా నిలబడతాయి. కొందరు ఆ తేదీ కొట్టేసి పక్కన వేరే తేదీ వేస్తారు. నెల తిరిగేసరికి ఏది ఎప్పటిదో వాళ్లకే తెలియదు. కాబట్టి రోజువారీ రాతకు వీటిని వాడొద్దు, పారేయనూ వద్దు. ముందు రాబోయే తేదీ పేజీ అందులో సిద్ధంగా ఉంటుంది, దానితో మంచి ఉపయోగం ఉంది. అది కింద చెప్తాను.

ఇక లాంగ్ నోట్‌బుక్. కొనేటప్పుడు మధ్యకు తెరిచి బల్ల మీద పెట్టండి. చెయ్యి తీసేసినా తెరుచుకునే ఉంటే, నడిమి మడతలో దారం కనిపిస్తే అది కుట్టు బైండింగు, అదే తీసుకోవాలి. గమ్ముతో అతికించినవి ఎండాకాలంలో వీపు పగిలి కాగితాలు ఊడతాయి. సింగిల్ రూళ్లు, ఎడమ పక్క మార్జిను ఉండాలి. మామూలు నోట్‌బుక్ కాగితం పలచన, జెల్ పెన్ను వెనక పేజీకి కనబడుతుంది. బాల్ పెన్నే వాడండి. మే నెల ఉక్కపోతలో అరచేతి చెమట తగిలినచోట బాల్ పెన్ను పడదు. పాత న్యూస్‌పేపరు ముక్క మడిచి చేతికింద పెట్టుకుంటే ఆ ఇబ్బంది ఉండదు. నిర్ణయాల కోసం చివర వదిలే 40 పేజీలు పోను, రోజుకో పేజీ చొప్పున మిగతా 160 పేజీలు అయిదు నెలల పైనే వస్తాయి. తేదీ మీరే వేస్తారు కాబట్టి తప్పిన రోజులకు తెల్ల పేజీ ఉండదు. ముందు పేజీ జనవరి 9, తర్వాతి పేజీ జనవరి 14, అంతే.

రాత్రి భోజనమయ్యాక పది నిమిషాలు దీనికి పెట్టాలి. పేజీ పైన రేపటి మొదటి పని ఒక్కటే రాయండి, ఎప్పుడు, ఎక్కడ, ఏమిటి అన్నవి మూడూ ఉండేట్టు. పోటీ పరీక్షకు చదివేవాళ్లు ‘పాలిటీ చదవాలి’ అని రాస్తే అది కోరిక మాత్రమే. ‘పాల ప్యాకెట్లు లోపల పెట్టగానే, వరండా కుర్చీలో, పాలిటీ నాలుగో చాప్టరు, ఫోను హాల్లోనే’ అని రాస్తే పని. ఫలానాది జరిగినప్పుడు ఫలానాది చేస్తాను అని ముందే ముడి వేసుకున్నవాళ్లు ఉత్త సంకల్పం చెప్పుకున్నవాళ్ల కన్నా ఎక్కువగా పని పూర్తి చేస్తారని పీటర్ గోల్విట్జర్ అనే సైకాలజిస్టు 1999లోనే వివరంగా రాశాడు. ముడి వేసేది రోజూ తప్పకుండా జరిగేదానికే వెయ్యాలి. పాల ప్యాకెట్లు, పిల్లల్ని స్కూలు బస్సు ఎక్కించడం, షాపు షట్టరు ఎత్తడం మంచి గుర్తులు. కుళాయి నీళ్లు వచ్చే టైము పనికిరాదు, అది ఒకరోజు ఆరుకు, ఒకరోజు ఏడున్నరకు. ‘ఖాళీ దొరికినప్పుడు’ అన్నది అసలే పనికిరాదు.

పేజీ మధ్యలో ఇవాళ్టి సంగతి. చేసుంటే టిక్కు. చేయకపోతే కారణం ఒక్క వాక్యం. ఇక్కడే చాలామంది పుస్తకం చెడగొట్టుకుంటారు. ‘బద్ధకం’, ‘నాకు పట్టుదల లేదు’ అని రాసి ఊరుకుంటారు. దాన్ని చూసి మర్నాడు మార్చగలిగేది ఏమీ ఉండదు. కారణంగా ఒక వస్తువో, టైమో, చోటో రాయాలి. ‘రాత్రి 12:40 దాకా ఫోను, ఛార్జరు మంచం పక్కనే ఉంది’ అని రాస్తే మర్నాడు చేయాల్సింది తెలిసిపోయింది: ఛార్జరు వంటింటి ప్లగ్గుకు మార్చడం. ‘నడకకు వెళ్లలేదు, బూట్లు తడిగా ఉన్నాయి’ అంటే ఇంకో జత చెప్పులు గడప దగ్గర పెట్టడం. తప్పు మనిషి మీద కాక సరంజామా మీద వేసి రాస్తే మళ్లీ పుస్తకం తెరవడానికి జంకు ఉండదు. అలవాటు నిలబెట్టే చిట్కాల్లో దీన్ని మించింది లేదు.

కింద మిగిలిన నాలుగైదు వరసల్లో రేపటి చిల్లర పనులు: కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగు, ఎవరికో ఫోను. పడుకోబోయే ముందు అయిదు నిమిషాలు రాబోయే పనులు రాసినవాళ్లు, అయిపోయిన పనులు రాసినవాళ్లకన్నా తొందరగా నిద్రపోయారని 2018లో అమెరికాలో జరిగిన ఒక ప్రయోగంలో తేలింది. ఎంత వివరంగా రాస్తే అంత తొందరగా.

ఆదివారం ఆ వారం పేజీలు తిరగెయ్యండి. రెండుసార్లు కనబడిన కారణం ఒక్కదాన్ని పట్టుకుని సరిచెయ్యండి. ఒక్కటే. అన్నీ ఒకేసారి సరిచేయబోతే ఆ ప్లానర్ పది వరసల కథే మళ్లీ.

నోట్‌బుక్ చివరి 40 పేజీలు నిర్ణయాల కోసం వదిలిపెట్టండి. తేటగా ఆలోచించడానికి ఇంతకన్నా చవకైన పద్ధతి లేదు. కోవూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలున్న రైతునే తీసుకోండి. 60 కౌంటులో, అంటే కేజీకి 60 రొయ్యలు తూగే సైజులో ఉన్న సరుకు ఇప్పుడే పట్టాలా, ఇంకా పెరిగి 50 కౌంటు వచ్చేదాకా ఆగాలా? ఆగి ధర పెరిగితే ‘నేను ముందే చెప్పాను’ అంటారు, తగ్గితే కొన్నవాడు ముంచాడంటారు. రెండు సందర్భాల్లోనూ నేర్చుకున్నది సున్నా, ఎందుకంటే ఆ రోజు నిజంగా ఏమనుకున్నామో గుర్తుండదు. ఫలితం తెలిశాక మనసు పాత లెక్కను తనకు అనుకూలంగా దిద్దుకుంటుంది. అందుకని పట్టుబడికి ముందే నాలుగు వరసలు రాయాలి. ఏమి నిర్ణయించాను: పది రోజులు ఆగుతాను. ఎందుకు: చెక్ ట్రేలో (రొయ్య మేత తింటోందో లేదో చూసే పళ్లెంలో) మేత మిగలడం లేదు, రొయ్య చురుగ్గా ఉంది, ఇవాళ్టి రెండు కౌంట్ల ధరల తేడా ఇంత, పది రోజుల మేతకు, ఏరేటర్ల డీజిలుకు ఖర్చు ఇంత. ఏది జరిగితే నా లెక్క తప్పినట్టు: పక్క గుంటలో వైట్ స్పాట్ వైరస్ తెగులు కనబడితే, వరసగా రెండు రోజులు మేత మిగిలితే. మళ్లీ ఎప్పుడు చూడాలి: ఫలానా తేదీ. మూడో వరసే ప్రాణం. అది ముందుగా రాసుకోకపోతే గుంట గట్టు మీద నిలబడి ‘ఇంకో రెండు రోజులు చూద్దాం’ అనుకుంటూనే ఉంటారు.

ఉచిత డైరీ ఇక్కడ పనికొస్తుంది. ఆ తేదీ పేజీకి వెళ్లి ‘నోట్‌బుక్ 171వ పేజీ చూడు’ అని రాసి మూసెయ్యండి. రోజూ పొద్దున డైరీలో ఆనాటి పేజీ ఒక్కసారి చూస్తే చాలు. ఏడాదికోసారి లెక్క చూసుకోవడం మన నెల్లూరులో కొత్తేమీ కాదు. ఏటా మొహర్రానికి జరిగే రొట్టెల పండగలో, బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో ఉద్యోగం కోరుకుని ఉద్యోగ రొట్టె పట్టుకున్న పిల్లలు, కోరిక తీరితే మరుసటి ఏడాది మళ్లీ వచ్చి రొట్టె ఇస్తారు. ఆ నమ్మకం అలానే ఉండనిచ్చి, పరీక్షకు చదివేవాళ్లు మధ్యలో 30వ రోజుకీ 90వ రోజుకీ కూడా తేదీలు వేసుకోవాలి. ఏడాది చివర చూసుకుంటే దిద్దుకునే వ్యవధి ఉండదు.

టైమరు విషయంలో రెండు రకాలు. స్టీలు సామాన్ల షాపుల్లో, ఆన్‌లైన్లో దొరికే తిప్పుడు టైమరు బ్యాటరీ అడగదు, టిక్కుటిక్కుమంటుంది. చిన్న టైముకు పెట్టేటప్పుడు ముందు పూర్తిగా తిప్పి, తర్వాత కావలసిన అంకెకు వెనక్కి తేవాలి. లేకపోతే స్ప్రింగు సరిగా బిగుసుకోక గంట మోగదు. స్టడీ హాల్లో పక్కవాళ్లు ఊరుకోరు కాబట్టి అక్కడ శబ్దం ఆపే మీట ఉన్న డిజిటల్‌ది తీసుకోండి. చేతి వాచీతో సరిపెడదామంటే జాగ్రత్త. చవక డిజిటల్ వాచీల్లో స్టాప్‌వాచ్ ఉంటుంది గానీ వెనక్కి లెక్కపెట్టేది చాలావాటిలో ఉండదు. ఫోను టైమరు అస్సలు వద్దు. దాన్ని ఆపడానికి ఫోను చేతిలోకి తీసుకున్నారా, వాట్సాప్ అక్కడే ఉంది.

25 నిమిషాల పని, 5 నిమిషాల విరామం అన్న పద్ధతిని 1980ల చివర్లో ఫ్రాన్చెస్కో చిరిల్లో అనే ఇటలీ విద్యార్థి టమాటా ఆకారపు వంటింటి టైమరుతోనే మొదలుపెట్టాడు. చదువుకు అది సరిపోతుంది. లెక్కలు, కోడింగు, షాపు అకౌంట్లకు 25 చాలదు, ఊపు వచ్చేసరికి గంట మోగుతుంది. వాటికి 50 పెట్టండి. డీఎస్సీకో గ్రూప్-2కో చదివేవాళ్లు చివరి అయిదు నిమిషాలు పుస్తకం మూసేసి, గుర్తున్నది చిత్తు కాగితం మీద రాయాలి. 2006లో రోడిగర్, కార్పికీ చేసిన ప్రయోగంలో మళ్లీ మళ్లీ చదివినవాళ్లకు అయిదు నిమిషాల తర్వాత ఎక్కువ గుర్తుంది. వారం తర్వాత మాత్రం చూడకుండా రాసినవాళ్లదే పైచేయి అయింది. చదివినప్పుడు అంతా వచ్చినట్టే ఉండటం, పరీక్ష హాల్లో రాకపోవడం ఇందువల్లే.

గోడ క్యాలెండరు ఇంట్లో ఉన్నదే చాలు. తిథి, వర్జ్యం, పాల లెక్క, సిలిండరు వచ్చిన తేదీ ఇప్పటికే ఆ గడిలో ఉంటాయి కాబట్టి కింది కుడి మూల ఒక్కటి మీది చేసుకోండి. ఒక అలవాటుకు ఒక చుక్క. స్కెచ్ పెన్నుతో పెడితే వెనక నెల మీదకు దిగుతుంది, రంగు పెన్సిలు మేలు. ఒంట్లో బాగాలేని రోజు రెండు నిమిషాలు చేసినా చుక్క పెట్టొచ్చు. వరసగా రెండు రోజులు చుక్క లేకపోతే మూడో రోజు పని సగానికి తగ్గించండి, మానొద్దు.

ఈ మూడూ కలిపి ఒక మంచి ప్లానర్ ధర కన్నా తక్కువలోనే వస్తాయి. నోట్‌బుక్ జూన్‌లో బడులు తెరిచేముందు డజన్ల లెక్కన కొంటే ఇంకా చవక. వాడటం అయిపోయిన పుస్తకాన్ని పాత పేపర్లతో వేసేముందు చివరి 40 పేజీలు చూసుకోండి. ఇంకా తేదీ రాని నిర్ణయం ఏదైనా ఉంటే ఆ కాగితం చించి కొత్త పుస్తకంలో అంటించి, డైరీలో పేజీ నంబరు మార్చండి.