కాలా ఘోడాకి ఆదివారం వెళ్ళకండి

పన్నెండేళ్ళుగా నా ఆఫీసు ఫోర్ట్‌లోనే. ముంబైలో కాలా ఘోడా ఆర్ట్స్ ఫెస్టివల్ జరిగే రోడ్డు అక్కణ్ణుంచి నడిచి పది నిమిషాలు. అయినా ఇన్నేళ్ళలో నేను లోపలికి వెళ్ళింది రెండంటే రెండుసార్లు. ఆ రెండూ 2025లోనే, రెండు రోజుల తేడాతో. మొదటిసారి తిట్టుకుంటూ బయటికొచ్చాను. రెండోసారి రాత్రి వంట గుర్తొచ్చి గానీ కదల్లేదు.

ముందు తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఇది 1999లో మొదలైంది. ఏటా జనవరి చివరిలోనో ఫిబ్రవరి మొదట్లోనో తొమ్మిది రోజులు జరుగుతుంది. మేం వెళ్ళిన ఏడు 25వ ఏడాది పండగ, జనవరి 25 నుంచి ఫిబ్రవరి 2 దాకా. బొమ్మలు, నాటకాలు, సినిమాలు, పాటలు, పుస్తకాలు, తిండి, పిల్లల కార్యక్రమాలు, పాత బిల్డింగుల చుట్టూ నడిపించే హెరిటేజ్ వాక్‌లు, అన్నీ ఒకే పేటలో. ప్రవేశం ఫ్రీ. దక్షిణ ముంబైలో దేనికైనా ఫ్రీ అన్నారంటే ఏం జరుగుతుందో మీకు తెలుసు కదా, అదే జరుగుతుంది.

పేరు సంగతి కూడా చెప్పేస్తాను, మా చిన్నమ్మ అడిగిన మొదటి ప్రశ్న అదే. కాలా ఘోడా అంటే నల్ల గుర్రం. బ్రిటిష్ వాళ్ళ కాలంలో ఏడవ ఎడ్వర్డ్ గుర్రం మీద కూర్చున్న విగ్రహం ఈ కూడలిలో ఉండేది. 1965లో దాన్ని పీకి బైకుల్లా జూకి పంపేశారు. విగ్రహం పోయినా పేరు ఉండిపోయింది. 2017లో మళ్ళీ ఒక నల్ల గుర్రాన్ని నిలబెట్టారు, 25 అడుగులది, ఈసారి మీద ఎవరూ లేకుండా. "మంచి పని చేసిన్రు, గుర్రానికి బరువు దిగింది" అంది చిన్నమ్మ.

ఇక ఆదివారం గోల. జనవరి 26, పైగా సెలవు. ఆఫీసు అమ్మాయిలు ముగ్గురం కలిసి సాయంత్రం ఐదింటికి వెళ్ళాం. ర్యాంపార్ట్ రో, అంటే మెయిన్ స్టాళ్ళు, పెద్ద పెద్ద బొమ్మల ఇన్‌స్టాలేషన్లు పెట్టే వీధి, దాంట్లోకి వెళ్ళడానికే బారికేడ్ల మధ్య పెద్ద లైను. లోపలికి వెళ్ళాక మన కాళ్ళతో మనం నడవక్కర్లేదు, జనమే తోసుకెళ్తారు. విరార్ ఫాస్ట్ లోకల్ ఎక్కినవాళ్ళకి ఇది కొత్త కాదు, కాకపోతే అక్కడ కనీసం ఎక్కడ దిగాలో తెలుస్తుంది. ప్రతి బొమ్మ ముందూ సెల్ఫీల కోసం ఇంకో లైను. ఆ బొమ్మ చేసిందెవరు, ఎందుకు చేశారు అని రాసిన బోర్డు ముందు మాత్రం ఒక్కడు లేడు. ఉన్నా చదవనివ్వరు, "మేడం, కొంచెం పక్కకి జరగండి, ఫ్రేములో వస్తున్నారు" అంటారు. నలభై నిమిషాల్లో బయటపడ్డాం. ఒక స్టాల్లో తిన్న చాట్ చప్పగా ఉంది, పైగా చిల్లర లేదని మిగతా డబ్బులకి చాక్లెట్లు చేతిలో పెట్టాడు. ఆ రోజు ఎవరైనా అడిగుంటే 5కి 1 ఇచ్చేదాన్ని.

మంగళవారం మళ్ళీ వెళ్ళడానికి కారణం మా చిన్నమ్మ. పోచంపల్లి దగ్గర వాళ్ళది, ముప్పై ఏళ్ళు మగ్గం మీద కూర్చుంది. నెల రోజులు మా ఇంట్లో ఉందామని వచ్చి, వారానికే టీవీ సీరియళ్ళతో విసిగిపోయింది. "ఈడ చూసేటియి ఏమన్న ఉంటె చూపియ్యరాదె" అంది. హాఫ్ డే లీవు పెట్టాను.

మధ్యాహ్నం రెండు దాటాక వెళ్ళాం. లైను లేదు. రోడ్డు మీద కాలేజీ పిల్లలు, స్కెచ్ పుస్తకాలు పట్టుకున్న ముసలాయన ఒకరు, బడి పిల్లల గుంపు ఒకటి. బొమ్మలు అవే, వీధి అదే. కానీ ఇప్పుడు ఒకదాని ముందు పది నిమిషాలు నిలబడినా ఎవరూ ఏమీ అనలేదు.

స్టాళ్ళ దగ్గర అసలు కథ మొదలైంది. ఒకచోట ఇక్కత్ చున్నీలు వేలాడదీశారు, "హ్యాండ్‌లూమ్" అని పెద్ద అక్షరాలతో బోర్డు. రేటు కూడా ఆ అక్షరాలంత పెద్దదే. చిన్నమ్మ ఏం మాట్లాడలేదు. ఒక చున్నీ కొంగు పట్టుకుని తిరగేసింది. బొటనవేలితో ఒకసారి రాసింది. మళ్ళీ ముందుకి తిప్పింది. నా వైపు వంగి, "గిది నేసింది కాదు బిడ్డా, అచ్చేసింది" అంది.

ఎలా తెలిసిందంటే, ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. ఇక్కత్‌లో డిజైను బట్ట మీద వేయరు. నేయకముందే దారాన్ని ముడులు కట్టి రంగులో ముంచుతారు, కట్టిన చోట రంగు ఎక్కదు. అలా రంగులు పడ్డ దారాన్ని లెక్క తప్పకుండా మగ్గం మీద పెట్టి నేస్తే డిజైను తేలుతుంది. దారానికే రంగు ఉంది కాబట్టి ముందూ వెనకా ఒకేలా కనపడాలి. రెండోది, పువ్వు అంచు కత్తితో కోసినట్టు ఉండకూడదు, తడి కాగితం మీద సిరా పాకినట్టు కొంచెం చెదిరి ఉండాలి. అద్దకం బట్టలో అంచులు గీత గీసినట్టు ఉంటాయి, వెనక్కి తిప్పితే రంగు వెలిసిపోయినట్టు ఉంటుంది. ఈ చున్నీ వెనక వైపు నిజంగానే వెలిసిపోయి ఉంది. పన్నెండేళ్ళుగా ఆడిట్ ఆఫీసులో పనిచేస్తున్నాను, ఒక్క బిల్లు తేడా ఉన్నా పట్టేస్తాను, ఇది మాత్రం నా కంటికి ఆనలేదు.

అక్కణ్ణుంచి నాలుగు స్టాళ్ళు దాటాక ఒక గుజరాతీ ఆయన, యాభై పైబడ్డాయి, తను నేసిన బట్టలే పెట్టుకుని కూర్చున్నాడు. చిన్నమ్మ అదే పరీక్ష పెట్టింది. ఈసారి మొహం మారింది. కొంగు వదల్లేదు. ఆయన అది గమనించాడు. పడుగు మాత్రమేనా, పేక కూడా కట్టి రంగేశారా అని ఆమె అడగాలి, అడగడానికి భాష లేదు. వేళ్ళు నిలువుగా పెట్టి చూపించింది, అడ్డంగా పెట్టి చూపించింది, "యే భీ? యే భీ?" అంది. ఆయన నవ్వి రెండు చేతుల వేళ్ళూ ఒకదాన్లో ఒకటి దూర్చి చూపించాడు. రెండూ అని. పాటన్ పటోలా పద్ధతి అది, నిలువు దారాల లెక్కా అడ్డం దారాల లెక్కా ఒకదానిమీద ఒకటి సరిగ్గా పడాలి, ఒక్క దారం తప్పినా పువ్వు వంకర పోతుంది. తర్వాత అరగంట వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు సగం కూడా అర్థం కాలేదు. ఆమె హైదరాబాదీ హిందీ, ఆయన గుజరాతీ హిందీ, మధ్యలో చేతులు. నేను పక్కన స్టూలు మీద కూర్చుని సంచులు కాపలా కాశాను. చివరికి చిన్న జేబురుమాలంత ముక్క ఒకటి కొంది. ఆయన రేటు తగ్గించబోతే వద్దంది. కూరగాయల బండి దగ్గర రూపాయికి పావుగంట బేరమాడే మనిషి.

తిండి విషయానికి వస్తే, పండగ స్టాళ్ళని నమ్ముకోకండి అనే చెప్తాను. పేరున్న షెఫ్‌లు వచ్చి చేసి చూపించే క్లాసులు ఉంటాయి గానీ ముందే పేరు రాయించుకోవాలి, నేను చూసేసరికి నిండిపోయాయి. మేం అదే వీధిలో ఉన్న చేతనాలో తాలీ తిన్నాం. 1946 నుంచి ఉన్న శాకాహార హోటలు. గుజరాతీ, రాజస్థానీ, మరాఠీ వంటలు, గిన్నెలు ఖాళీ అవుతుంటే వాళ్ళే వచ్చి నింపుతారు. పప్పులో బెల్లం చూసి చిన్నమ్మ నొసలు ముడిచింది. రెండో ముద్దకి పచ్చడి కలుపుకుంది, మూడో ముద్దకి మాట్లాడ్డం మానేసింది. మజ్జిగ మాత్రం రెండు గ్లాసులు తాగింది.

ఎదురుగానే జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ. 1952 నుంచి ఉంది, పండగ ఉన్నా లేకపోయినా చూడ్డానికి టికెట్ లేదు. ఇక్కడ హాలు దొరకాలంటే చిత్రకారులు ఏళ్ళ తరబడి ఎదురుచూస్తారు. దొరికిన ఆ కొన్ని రోజులూ తమ బొమ్మల పక్కన తామే కుర్చీ వేసుకుని కూర్చుంటారు. నేనైతే ఇలాంటి చోట చప్పుడు కాకుండా నడిచి, అర్థమైనట్టు తలాడించి వచ్చేసేదాన్ని. చిన్నమ్మకి ఆ మొహమాటం లేదు. ఎర్రటి బొమ్మ ముందు కూర్చున్న కుర్రాడి దగ్గరికి నేరుగా వెళ్ళి "యే లాల్ కైసా బనాయా?" అంది. పాపం ఆ అబ్బాయి అప్పటిదాకా ఫోను చూసుకుంటున్నాడు. లేచి నిలబడి, ఒకదానిమీద ఒకటి ఎన్ని పూతలు వేశాడో, మధ్యలో ఎన్ని రోజులు ఆరబెట్టాడో చెప్పుకొచ్చాడు. రోజు మొత్తంలో రంగు గురించి అడిగింది ఈమె ఒక్కతేనట. మిగతావాళ్ళు అడిగింది రేటు.

సినిమా సంగతి చివరికి ఉంచాను. దగ్గర్లో ఒక చిన్న హాలు, ముప్పై మంది కూడా లేరు, ఏసీ మరీ ఎక్కువ. శాలువా ఒకటి పట్టుకెళ్ళండి. పాత బట్టల మిల్లుల కార్మికుల మీద ఒక డాక్యుమెంటరీ. మరాఠీ మాటలు, కింద ఇంగ్లిష్ అక్షరాలు. నేను చిన్నమ్మ చెవిలో తెలుగు చెప్తూ కూర్చున్నాను. 1982 జనవరి 18న మొదలైన సమ్మె అది. రెండున్నర లక్షల మంది పని ఆపేశారు, దాన్ని విరమించినట్టు ఇప్పటికీ ఎవరూ ప్రకటించలేదు. మిల్లులు మాత్రం మళ్ళీ మునుపటిలా తెరుచుకోలేదు. ఆ స్థలాల్లోనే ఇప్పుడు మాల్స్, ఆఫీసు టవర్లు.

తెర మీద మిల్లు భోంగా మోగింది, అదే, సైరను. చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుంది. "మా మేనమామ గిట్లనే కూసెటోడు. సంక్రాంతికి ఊరికొస్తె పిల్లలందర్ని నిలబెట్టి, బొంబాయి ఇట్లనే నిద్ర లేపుతది అని నోటితోని కూసి చూపెట్టెటోడు" అంది. వర్లీలో ఒక మిల్లులో పనిచేసేవాడట ఆయన. మన పద్మశాలీలు అలా వెళ్ళినవాళ్ళు ఎందరో. సమ్మె తర్వాత రెండేళ్ళు చూసి ఊరికి తిరిగొచ్చి మళ్ళీ మగ్గం ఎక్కాడు. ఈ సంగతి మా అమ్మ కూడా నాకెప్పుడూ చెప్పలేదు. నేను రోజూ ఆ మిల్లుల పేట లోయర్ పరేల్ మీదుగా క్యాబ్‌లో వెళ్తున్నప్పుడు కూడా నాకు తట్టలేదు. తర్వాత నేను తెలుగు చెప్పడం ఆపేశాను, ఆమెకి అవసరం లేకపోయింది.

బయటికొచ్చాక చీకటి పడుతోంది. కూడలి పక్కనే వాట్సన్ హోటల్ చూపించాను. ఇప్పుడు ఎస్ప్లనేడ్ మ్యాన్షన్ అంటారు, 1860ల్లో ఇనుప చట్రం ఇంగ్లాండులో పోత పోసి ఓడలో తెచ్చి కట్టిన బిల్డింగు. 1896 జూలై 7న మన దేశంలో మొదటిసారి సినిమా ఆడింది ఇందులోనే. ఫ్రాన్సులో తొలి సినిమాలు తీసిన లూమియేర్ సోదరుల తరఫు మనిషి ఆరు చిన్న చిత్రాలు వేశాడు, టికెట్ ఒక రూపాయి. ఇప్పుడు శిథిలమై ఉంది, లోపలికి వెళ్ళలేం. పండగకి వచ్చే జనంలో సగం మంది దీనికి వీపు పెట్టి ఫొటోలు దిగుతారు. నేనూ ఇన్నేళ్ళు అలాగే దాటిపోయాను, కాబట్టి ఎవర్నీ ఏమీ అనను.

వెళ్దామనుకుంటే కొన్ని పని మాటలు. పనిరోజు వెళ్ళండి, మధ్యాహ్నం రెండు నుంచి ఐదు మధ్య. కార్యక్రమాల జాబితా ముందు రోజు రాత్రి ఒకసారి చూసుకుని, కూర్చుని చూసేది ఒక్కటే పెట్టుకోండి. అన్నీ చూద్దామనుకుంటే రోడ్లు దాటడంతోనే పొద్దు గూకుతుంది. హెరిటేజ్ వాక్‌లకి ముందే పేరు ఇవ్వాలి. చర్చ్‌గేట్ స్టేషను నుంచైనా సీఎస్ఎంటీ (పాత వీటీ స్టేషను) నుంచైనా నడిచి పావుగంట, ఇరవై నిమిషాలు. కారు ఆలోచన పెట్టుకోకండి. పెద్దవాళ్ళని తీసుకెళ్తే కూర్చోడానికి జాగా తక్కువని గుర్తుంచుకోండి, చిన్నమ్మ జహంగీర్ గ్యాలరీ మెట్ల మీదే రెండుసార్లు కూలబడింది.

నా మార్కులు ఆదివారానికి 1, మంగళవారానికి 4. మిగిలిన ఆ ఒక్కటి చాట్‌వాడు మింగేశాడు.

తిరుగు ప్రయాణంలో సీఎస్ఎంటీలో థానే లోకల్ బయల్దేరేచోటే ఎక్కాం కాబట్టి లేడీస్ డబ్బాలో ఇద్దరికీ సీటు దొరికింది. బైకుల్లా దాటుతుంటే జూ ఇక్కడే అని, ఆ గుర్రం మీది రాజు ఇక్కడే ఉన్నాడని చెప్దామని తిరిగాను. చిన్నమ్మ వినే స్థితిలో లేదు. పక్క సీట్లో నిద్రపోతున్న అమ్మాయి చున్నీ కొంగు మెల్లగా తిరగేసి, లైటు కేసి పెట్టి చూస్తోంది.