వలసకాలపు అమెరికాలో పేదల సాయం: ఎవరికి పనికొచ్చింది, ఎవరిని గుమ్మంలోనే ఆపింది

ఇక్కడ సమీక్షిస్తున్నది 17, 18 శతాబ్దాల్లో అమెరికాలోని బ్రిటిష్ వలసలు పన్ను డబ్బుతో నడిపిన పేదల సాయాన్ని. ముఖ్యంగా మసాచుసెట్స్ వలసలోని బోస్టన్‌ది, పోలికకు వర్జీనియా, ఫిలడెల్ఫియా, న్యూయార్క్‌లది. తీర్పు ముందే చెప్పేస్తాను. ఊరి మనిషని ఒప్పుకున్నవాళ్లకు ఇది ఆ కాలానికి నిజంగా మంచి సేవ. కానీ ఆకలి ఎంత ఉందని అడగడానికి ముందు నువ్వు ఏ ఊరి మనిషివని అడిగేది. ఆ ఒక్క ప్రశ్నలోనే చాలామంది రాలిపోయేవారు.

దీని మూలం ఇంగ్లండ్‌లో 1601లో వచ్చిన ఎలిజబెత్ పేదల చట్టం. ప్లిమత్ 1642లో, కనెక్టికట్ 1673లో, మసాచుసెట్స్ 1692లో దాదాపు అదే పద్ధతిని తమ చట్టాల్లోకి తెచ్చుకున్నాయి. సూత్రాలు నాలుగే. పేదల భారం ఊరిదే. ఖర్చు స్థానిక పన్నులోంచి రావాలి. తల్లిదండ్రులు, తాతలు, పిల్లలు బతికి ఉండి స్తోమత ఉంటే ముందు వాళ్లు పోషించాలి. పేద పిల్లల్ని ఒప్పందం మీద పనికి పెట్టాలి.

బోస్టన్‌లో సాయం అడగడం తేలిక. ఊరిని 1735లో పన్నెండు వార్డులు చేశారు, వార్డుకొక ఓవర్సీరు, అంటే పేదల సాయం చూసే అధికారి. ఇతను జీతం తీసుకునే గుమాస్తా కాదు, ఊరి సభలో ఎన్నికైన మనిషి, ఎక్కువగా బాగా డబ్బున్న వర్తకుడు. రాతపూర్వకమైన దరఖాస్తు అక్కర్లేదు. ఇంటికి వెళ్లి చెప్పుకుంటే చాలు. అతనికి ఇల్లు తెలుసు, జబ్బు తెలుసు, కొడుకు ఓడ ఎక్కి తిరిగి రాలేదని తెలుసు. సరేనంటే సాయం ఇంటికే వచ్చేది: వారానికి కొన్ని షిల్లింగులు, తిండిగింజలు, చలికాలంలో కట్టెలు, అవసరమైతే వైద్యుడి ఫీజు, చనిపోతే శవపేటిక ఖర్చు. మనిషిని ఇంట్లోంచి కదల్చకుండా, పిల్లల్ని తల్లి దగ్గరే ఉంచి చేసిన ఈ సాయమే మొత్తం వ్యవస్థలో ఉత్తమమైనది. దీనికి అయిదుకి నాలుగు ఇస్తాను.

కట్టెల సంగతి చిన్నది కాదు. బోస్టన్ ఒక సన్నని ద్వీపకల్పం. అడవులు ఎప్పుడో కొట్టేశారు. కట్టెలు పడవల్లో బయటి నుంచి రావాలి. చలి ముదిరి పడవలు రాకపోతే ధర ఎగిరేది. కట్టెల్ని కార్డు లెక్కన అమ్మేవారు: ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల ఎత్తు, నాలుగు అడుగుల వెడల్పున్న పేర్పు ఒక కార్డు. చేతిలో రోజు గడవడానికి మాత్రమే డబ్బున్నవాళ్లు వేసవిలో చవగ్గా కొని నిలవ పెట్టుకోలేరు. పేదరికం వల్లే ఎక్కువ ధర కట్టాల్సి వచ్చే ఈ చోటును ఓవర్సీర్లు సరిగ్గా గుర్తించారు.

వీళ్ల లెక్కల పుస్తకాలు చదివేవారికి ఒక హెచ్చరిక. అంకెల్ని ఉన్నవున్నట్టు పోల్చకూడదు. మసాచుసెట్స్ కాగితపు డబ్బు, అంటే ఓల్డ్ టెనర్, 1740ల్లో బాగా పడిపోయింది. 1750లో వెండి నాణేలకు మారినప్పుడు ఏడున్నర పౌన్ల ఓల్డ్ టెనర్‌ను ఒక పౌను కొత్త డబ్బుగా కట్టారు. కాబట్టి 1748లో కనిపించే పెద్ద మొత్తాన్ని చూసి ఓవర్సీర్లది పెద్ద చెయ్యి అనుకోవడం, 1751లో తగ్గినట్టు కనిపిస్తే పేదరికం తగ్గిందనుకోవడం, రెండూ తప్పే. వారానికి ఇంత అని రూపాయల అలవాటులో కాకుండా, ఒక పౌనుకు ఇరవై షిల్లింగులు, షిల్లింగుకు పన్నెండు పెన్నీలని గుర్తుంచుకుని కలపాలి.

అవసరం ఎంత పెద్దదో 1742 జనగణన చెబుతుంది. బోస్టన్ జనాభా 16,382. అందులో వితంతువులు సుమారు 1,200 మంది, వాళ్లలో వెయ్యి మంది పేదలు. సముద్రం, యుద్ధం కలిసి చేసిన పని ఇది. 1745లో ఫ్రెంచివాళ్ల లూయిబర్గ్ కోట మీదికి యుద్ధానికి వెళ్లిన మసాచుసెట్స్ మగవాళ్లలో చాలామంది కోట గెలిచాక జబ్బుతో పోయారు, వితంతువుల సంఖ్య ఇంకా పెరిగింది. అదే ఊళ్లో మరో పక్క సంపద పైకి చేరుతూ వచ్చింది. పన్ను జాబితాల్ని బట్టి, 1687లో పైనున్న పది శాతం మంది చేతిలో పన్ను పడే ఆస్తిలో సగానికి కాస్త తక్కువ ఉండేది. 1771 నాటికి అది అరవై శాతం దాటింది. ఆ పై వరుసలోంచే ఓవర్సీర్లు వచ్చేవారు. యుద్ధం కోసం ఓడలు, సరుకులు సరఫరా చేసి లాభపడ్డ వర్గం, ఆ యుద్ధంలో మొగుళ్లను పోగొట్టుకున్న ఆడవాళ్లకు వారం డబ్బు ఎంతో నిర్ణయించేది. వాళ్లలో దయగలవాళ్లు లేరని కాదు. కానీ అడిగేవాళ్లకు పైన అప్పీలు చేసుకునే దారి దాదాపు లేదు.

ఇక అసలు లోపం: నివాస హక్కు. ఊరు పోషించాల్సింది ఆ ఊరి నివాసిని మాత్రమే. నివాసి ఎలా అవుతారు? పుట్టుకతో, అక్కడ అప్రెంటిస్‌గా పనిచేసి, భూమి కొని, లేదా ఊరివాళ్లు వద్దనకుండా కొంతకాలం ఉండి. ఆ కాలం మసాచుసెట్స్‌లో 1692 చట్టం ప్రకారం మూడు నెలలు, 1701 నుంచి పన్నెండు నెలలు. గడువు లోపల ఊరు ఒక్కసారి 'వెళ్లిపో' అని చట్టప్రకారం చెబితే, మనిషి ఇరవై ఏళ్లు అక్కడే బతికినా హక్కు రాదు. 1767 తర్వాత ఊరు ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప గడువుతో హక్కు రావడమే ఆగిపోయింది.

ఈ పని బోస్టన్‌లో ఎలా సాగిందో దగ్గరగా చూడవచ్చు. 1765 నుంచి 1774 దాకా రాబర్ట్ లవ్ అనే పెద్దాయనను ఊరి పెద్దలు ఇందుకే నియమించారు. ఆయన వీధులు తిరిగి కొత్త ముఖాల్ని పట్టుకునేవాడు. పేరేమిటి, ఏ ఊరి నుంచి వచ్చావు, ఎప్పుడు దిగావు, ఎవరింట్లో ఉంటున్నావు అని అడిగి పుస్తకంలో రాసుకునేవాడు. చివర రాజుగారి పేర పద్నాలుగు రోజుల్లో ఊరు విడవాలని చెప్పేవాడు. అలా సుమారు నాలుగు వేల మందికి చెప్పాడు. అయితే చాలామంది వెళ్లలేదు, వాళ్లను మెడపట్టి గెంటలేదు కూడా. ఆ మాటకు ప్రయోజనం వేరు: రేపు ఆ మనిషి జబ్బుపడితే ఖర్చు బోస్టన్ ఖాతాలో కాకుండా మొత్తం ప్రావిన్సు ఖజానాలో పడుతుంది. ఆ మేరకు మసాచుసెట్స్ పద్ధతి బయటివాడిని పూర్తిగా వదిలేయలేదు, చావనివ్వలేదు. ఇది గట్టిగా మెచ్చుకోవాల్సిన విషయం.

పక్కనున్న రోడ్ ఐలండ్‌లో అలా కాదు. అక్కడ టౌన్ కౌన్సిల్ మనిషిని పిలిపించి పుట్టిన దగ్గర్నుంచి ప్రశ్నలు వేసి, వాంగ్మూలం రాసి, ఉత్తర్వు ఇచ్చి కానిస్టేబుల్‌తో ఊళ్లు దాటించేది. దెబ్బ ఎక్కువగా తగిలింది ఆడవాళ్లకు. పెళ్లయిన స్త్రీకి మొగుడి నివాస హక్కే వర్తిస్తుంది. అతను పోతే, ఆమె పుట్టి పెరిగిన ఊరిని, పని చేసుకుంటున్న ఊరిని వదిలి, తాను ఎన్నడూ చూడని అత్తవారి ఊరికి చేరాలి. అక్కడ ఆమె ముఖం ఎవరికీ తెలియదు. ఓవర్సీరుకు మనిషి తెలిసి ఉండటమే ఈ సేవకు బలమనుకుంటే, ఈ నియమం ఆ బలాన్నే తీసేసింది. రోడ్ ఐలండ్ పద్ధతికి అయిదుకి ఒకటి కూడా ఎక్కువే.

పిల్లల విషయంలో రెండు మాటలు చెప్పాలి. బోస్టన్ ఓవర్సీర్లు 1734 తర్వాతి డెబ్భై ఏళ్లలో వెయ్యి మందికి పైగా పిల్లల్ని ఒప్పంద పత్రాల మీద ఇతర కుటుంబాలకు అప్పగించారు. మగపిల్లలకు ఇరవై ఒకటి, ఆడపిల్లలకు పద్దెనిమిది నిండేదాకా. యజమాని తిండి, బట్ట, వసతి ఇవ్వాలి, చదవడం నేర్పాలి, మగపిల్లాడికి రాయడం, లెక్కలు, ఒక పని నేర్పాలి. గడువు తీరాక రెండు జతల బట్టలు, అందులో ఒకటి ఆదివారం చర్చికి వేసుకునేది. కాగితం మీద ఇది బాగుంది. కానీ ఆరేళ్లు వచ్చినా అక్షరాలు గుర్తుపట్టలేని పిల్లల్ని కూడా ఇలా తీసుకెళ్లవచ్చని 1735 చట్టం అధికారమిచ్చింది. చదువురాని తల్లి కడుపున పుట్టిన బిడ్డకు అక్షరాలు ఎక్కడి నుంచి వస్తాయి? తల్లికి వారానికి రెండు షిల్లింగులు ఎక్కువిచ్చి బిడ్డను ఆమె దగ్గరే ఉంచడం ఖర్చులో పెద్ద తేడా కాదు.

వర్జీనియాలో ఊళ్లు తక్కువ, తోటలు ఎక్కువ. అందుకని ఈ సేవ ఆంగ్లికన్ పారిష్ (ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతం) వెస్ట్రీ చేతిలో ఉండేది. వెస్ట్రీ అంటే ఆ చర్చి పాలకవర్గం, పన్నెండు మంది స్థానిక భూస్వాములు. చెల్లింపు పౌన్ల పొగాకులో, అంటే బరువు పౌన్లలో. ముసలివాళ్లను, అంగవికలురను ఎవరైనా పొరుగింట్లో ఉంచి, ఉంచుకున్నవారికి ఏడాదికి ఇంత పొగాకు అని ఇచ్చేవారు. పన్ను మాత్రం ఆస్తిని బట్టి కాదు, పనిచేసే తలల్ని బట్టి. పేద రైతు తన ఒంటి తలకు కట్టాల్సిన రేటే గొప్పవాడి ఒక్కో తలకూ. అదే వలసలో 1691 చట్టం, తెల్లజాతి స్త్రీకి నల్లజాతి పురుషుడి వల్ల పుట్టిన బిడ్డను చర్చివార్డెన్లు (పారిష్ వ్యవహారాలు చూసే అధికారులు) ముప్పై ఏళ్లదాకా పనికి కట్టేయాలని చెప్పింది. 1705లో దాన్ని ముప్పై ఒకటి చేశారు. 1765లో మాత్రమే మగపిల్లలకు ఇరవై ఒకటికి, ఆడపిల్లలకు పద్దెనిమిదికి తగ్గింది. పేదల సాయం చూసే అధికారులే ఈ పని చేశారన్నది మరువకూడదు.

అన్నిటికన్నా ఘోరమైనది బానిసల విముక్తి మీద పెట్టిన పూచీకత్తు. స్వేచ్ఛ పొందిన మనిషి రేపు ముసలితనంలో ఊరి మీద పడతాడేమోనన్న భయం దానికి సాకు. మసాచుసెట్స్ 1703లో యజమాని యాభై పౌన్ల పూచీ కట్టాలంది. పెన్సిల్వేనియా 1726లో ముప్పై పౌన్లంది. న్యూయార్క్ 1712లో ఏకంగా రెండు వందల పౌన్ల పూచీ, పైగా విముక్తుడికి ఏటా ఇరవై పౌన్లు ఇవ్వాలంది. ముసలి బానిసల్ని వీధిన పడేసే యజమానులున్నారు, వాళ్లను ఆపాలన్నది న్యాయమే. కానీ న్యూయార్క్ పెట్టిన మొత్తం విముక్తినే దాదాపు అసాధ్యం చేసింది. జీవితమంతా జీతం లేకుండా పనిచేయించుకున్న సమాజం, ఆ మనిషి చివరి రోజుల కూటి ఖర్చును లెక్కగట్టి స్వేచ్ఛకు అడ్డం పెట్టింది. దీనికి రేటింగ్ ఇవ్వడానికి మనసొప్పదు.

సంస్థల్లో పెట్టి చూసుకోవడం గురించి క్లుప్తంగా. బోస్టన్‌లో ఆమ్స్‌హౌస్ (పేదల్ని ఉంచి పోషించే ఇల్లు), 1739 నుంచి వర్క్‌హౌస్ (పేదలతో పని చేయించే శాల). న్యూయార్క్‌లో 1736 నుంచి పేదల ఇల్లు, పనిశాల, శిక్షాగృహం ఒకే కప్పు కింద. వర్క్‌హౌస్‌లో పని అంటే పాత ఓడ తాళ్లను వేళ్లతో పోగులుగా విప్పడం, నూలు వడకడం. బోస్టన్‌లో 1753లో కట్టిన నార బట్టల పనిశాల కొన్నేళ్లకే మూతపడింది. కారణాలు స్పష్టం: ఇంగ్లండ్, ఐర్లండ్‌ల నుంచి వచ్చే బట్ట చవక, ఇక్కడి వితంతువులు పసిపిల్లల్ని వదిలి రోజంతా బయట కూర్చోలేరు. ఇంట్లో రాట్నం ఇస్తే వడుకుతారు, శాలకు రమ్మంటే రారు. ఫిలడెల్ఫియా ఈ పాఠం నేర్చుకోలేదు. 1767లో తెరిచిన బెటరింగ్ హౌస్‌లో ఒక వైపు ఆమ్స్‌హౌస్, మరో వైపు పనిశాల కట్టి, ఇంటికి పంపే సాయాన్ని దాదాపు ఆపేసింది. నడిపేవాళ్లు చందాలిచ్చిన వర్తకులు, ఎక్కువగా క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్లు. పేదలు రోజూ కళ్లపడే ఓవర్సీర్లు దీన్ని వ్యతిరేకించారు, వాళ్లదే సరైన మాట. పనిశాల తన ఖర్చు తాను ఎప్పుడూ సంపాదించుకోలేదు.

పెన్సిల్వేనియా 1718 చట్టం ప్రకారం సాయం పొందేవారు కుడి భుజం మీద ఎర్ర లేదా నీలం గుడ్డతో పెద్ద 'పి' అక్షరం, పక్కన కౌంటీ మొదటి అక్షరం కుట్టించుకోవాలి. వర్జీనియా 1755లో పారిష్ పేరుతో అలాంటిదే పెట్టింది. దీనివల్ల మోసగాళ్లు తగ్గారో లేదో గానీ, అవసరమున్నా అడగనివాళ్లు తప్పక పెరిగి ఉంటారు.

పన్ను సాయం అందనివాళ్లకు సొంత సంఘాలే దిక్కు. బోస్టన్‌లో స్కాట్ చారిటబుల్ సొసైటీ 1657 నుంచే స్కాట్లండ్ వాళ్లను చూసుకుంది. క్వేకర్లు తమవాళ్లను తామే పోషించుకున్నారు. నల్లజాతివారికి వలసకాలం ముగిసేదాకా అలాంటిది లేదు. 1787లో నల్లజాతి నాయకులు రిచర్డ్ అలెన్, అబ్సలోమ్ జోన్స్ ఫిలడెల్ఫియాలో ఫ్రీ ఆఫ్రికన్ సొసైటీ పెట్టారు. సభ్యులు నెలకు ఒక వెండి షిల్లింగు కట్టాలి. ఏడాది కట్టాక, కష్టంలో పడ్డ సభ్యుడికి వారానికి మూడు షిల్లింగుల తొమ్మిది పెన్నీలు. సభ్యుడు చనిపోతే భార్య వితంతువుగా ఉన్నన్నాళ్లూ ఆమెకు సాయం, పిల్లల చదువు బాధ్యత సంఘానిది. ఏ ఊరి మనిషివన్న ప్రశ్న లేదు, భుజం మీద అక్షరం లేదు.