డాక్టర్ మీద ఫిర్యాదు: మెడికల్ కౌన్సిలా, వినియోగదారుల కమిషనా?

ఆపరేషన్ వికటిస్తే హైదరాబాద్‌లో ముందు ఎదురయ్యే ప్రశ్న ఇదే.

దక్కేది: కోఠిలోని తెలంగాణ మెడికల్ కౌన్సిల్ డాక్టర్‌ను హెచ్చరించగలదు, రిజిస్టర్ నుంచి పేరు కొంతకాలమో పూర్తిగానో తీసేయగలదు. మీకు రూపాయి కూడా ఇప్పించలేదు. పరిహారం కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషనే.

ఖర్చు: కమిషన్‌లో, మీరు కట్టిన బిల్లు 5 లక్షల లోపైతే ఫీజు లేదు. లాయర్ తప్పనిసరి కాదంటారు గానీ, అవతల కార్పొరేట్ ఆసుపత్రి లాయర్ నిలబడితే ఒంటరిగా నెగ్గుకురావడం కష్టమే.

గడువు: కమిషన్‌కు 2 ఏళ్లు.

సాక్ష్యం: అసలు టెన్షన్ ఇక్కడే. రెండు చోట్లా కాగితాలే మాట్లాడతాయి. డిశ్చార్జ్ సమ్మరీ చేతిలో పెట్టి ‘ఇది చాలు’ అంటారు. చాలదు. అనస్తీషియా నోట్స్, నర్సుల చార్టు, మీరు సంతకం పెట్టిన సమ్మతి పత్రం కూడా రాసిచ్చి అడగండి. మీ కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. డాక్టర్ల ప్రవర్తనపై ఉన్న 2002 నాటి వైద్య నియమావళి ప్రకారం అడిగిన 72 గంటల్లో రికార్డులివ్వాలి.

అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే సర్కారు దవాఖానా అయితే, 1995 నాటి సుప్రీంకోర్టు తీర్పు వల్ల కమిషన్ దారి మూసుకుపోతుంది, కౌన్సిల్‌కే వెళ్లాలి. డాక్టర్ ప్రవర్తన, అర్హతల మీద అనుమానమున్నా అక్కడికే. బిల్లు, ఆసుపత్రి నిర్వహణ, నష్టపరిహారం గొడవైతే కమిషన్. డబ్బూ, చర్యా రెండూ కావాలనుకుంటే రెండు చోట్లా వేయొచ్చు, అడ్డేమీ లేదు.