ఇంటి తోటలు చూడాలంటే ఆదివారం వెళ్లండి

ఎండాకాలంలో ఇంగ్లండ్‌లో పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలకు నేను గట్టిగా చెప్పేది ఒకటే. ఒక్క ఆదివారమైనా నేషనల్ గార్డెన్ స్కీమ్ తోటలకు ఉంచుకోండి. మామూలు ఇళ్లవాళ్లు ఏడాదిలో ఏదో ఒకటి రెండు రోజులు తమ పెరడు జనానికి తెరుస్తారు. వచ్చిన డబ్బు సేవకు పోతుంది. ఇళ్లకు వెళ్లి రోగులను చూసుకునే నర్సుల కోసం 1927లో మొదలైంది ఇది. ఆలోచన ఎల్సీ వాగ్ అనే ఆవిడది. ఆ ఏడాది తలకో షిల్లింగు (అప్పటి చిన్న నాణెం) చొప్పున 609 తోటలు 8 వేల పౌండ్లకు పైగా పోగుచేశాయి. ఇప్పుడు మారీ క్యూరీ, మాక్‌మిలన్ లాంటి రోగుల సేవాసంస్థలకూ ఇస్తున్నారు.

జూలైలో మేం అబ్బాయితో కలిసి కాట్స్‌వోల్డ్స్ అనే కొండల పల్లె ప్రాంతానికి వెళ్లాం. బస మోర్టన్-ఇన్-మార్ష్ అనే ఊళ్లో. దగ్గర్లోని చిప్పింగ్ క్యామ్డెన్ ఇంతకన్నా అందమైన ఊరే, కానీ అక్కడ రైల్వే స్టేషన్ లేదు. మోర్టన్‌కైతే లండన్ పాడింగ్టన్ నుంచి నేరుగా రైలుంది. కారు లేనివాళ్లకు ఇదే నయం. మేం దిగిన గెస్ట్‌హౌస్‌లో గది శుభ్రంగా ఉంది, మెట్లు మాత్రం మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కష్టం. శాకాహారమని ముందే చెబితే పొద్దున పుట్టగొడుగులు, బీన్స్, టోస్ట్ పెట్టారు.

శనివారం హిడ్‌కోట్, కిఫ్ట్స్‌గేట్ అనే రెండు పేరున్న తోటలు చూశాం. హిడ్‌కోట్‌లో కత్తిరించిన చెట్ల గోడల మధ్య ఒక్కో తోట ఒక్కో గదిలా ఉంటుంది. పక్కనే కిఫ్ట్స్‌గేట్. మూడు తరాల ఆడవాళ్లు పెంచిన తోట అది. అక్కడి తెల్ల గులాబీ తీగ చెట్టెక్కి పూస్తుంది. రెండూ చూడాల్సినవే, కానీ ఈ మొక్క ఎందుకిలా ఉందని అడగడానికి పెంచినవాళ్లు పక్కన ఉండరు.

ఆదివారం చూసిన ఇంటి తోటలో ఉన్నారు. స్కీమ్ వాళ్ల పసుపు పోస్టర్ వెంట వెళ్తే ఒక పెద్దావిడ గేటు దగ్గరే టికెట్లు ఇస్తోంది. రన్నర్ బీన్స్ పాదు ఎర్రగా పూసి ఉంది. మన చిక్కుడు పందిరి గుర్తొచ్చి ఆగిపోయాను. ఆవిడ పక్కకు తీసుకెళ్లి ఎరువు గుంట చూపించింది. చెక్కలతో మూడు అరలు. మధ్య అరలో చెయ్యి పెట్టి చూడమంది. లోపల వేడిగా ఉంది. గడ్డి, వంటింటి చెత్త, అట్టముక్కలు ఎలా కలపాలో ఓపిగ్గా చెప్పింది. వాళ్లాయన చివరి రోజుల్లో నర్సు ఇంటికొచ్చి చూసుకుందట. అందుకే ఏటా తోట తెరుస్తానంది. ఆ మాట తర్వాత ఇంకో కేకు ముక్క కొన్నాం. ఇంట్లో చేసిన నిమ్మ కేకు, నిజంగా బాగుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. చాలా తోటలు మధ్యాహ్నం కొన్ని గంటలే తెరుస్తారు. కంకర దారుల్లో వీల్‌చెయిర్ కదలదు. టాయిలెట్ అన్ని చోట్లా ఉండదు. ఆదివారం బస్సుల మీద ఆశ పెట్టుకోకండి, టాక్సీ ముందురోజే మాట్లాడుకోండి. కొంచెం నగదు దగ్గరుంచుకుంటే టెన్షన్ ఉండదు. వెళ్లే పొద్దున స్కీమ్ వాళ్ల వెబ్‌సైట్‌లో పిన్‌కోడ్ లాంటి పోస్ట్‌కోడ్ కొట్టి, తోట తెరుస్తున్నారో లేదో మళ్లీ చూసుకోండి. అక్కడ అమ్మే మొక్కలు చవకే, కానీ అనుమతి పత్రాలు లేకుండా ఇండియాకు తేకూడదు. మేం కొన్న కుండీ అబ్బాయి బాల్కనీకే వెళ్లింది.