విదేశీ షాపులో కొన్నది ఇంటికి చేరాలంటే: నేరుగానా, అద్దె అడ్రసుకా, వదిన సూట్‌కేసులోనా?

"అక్కడ 9 వేలే, ఇక్కడ 16 వేలు చెబుతున్నారు." విదేశీ సైట్ల నుంచి తెప్పించుకుందామన్న ఆలోచన ఎవరికైనా ఈ మాటతోనే మొదలవుతుంది. ఆ 9 వేలు షాపు గల్లాపెట్టె దగ్గరి ధర. మన గుమ్మం దగ్గరి ధర వేరు. షిప్పింగ్, సుంకం, కార్డు వాళ్ల కోత అన్నీ కలిశాక ఎంతయిందో చూసి అప్పుడు 16 వేలతో పోల్చాలి. చాలాసార్లు తేడా వెయ్యి రూపాయల్లోకి వచ్చేస్తుంది, ఒక్కోసారి తిరగబడుతుంది కూడా.

తెప్పించుకునే దారులు మూడు. షాపువాడే మన ఇంటికి పంపడం ఒకటి. అమెరికాలోనో జపాన్‌లోనో ఒక గోడౌన్ అడ్రసు తీసుకుని, సరుకు అక్కడికి తెప్పించి, అక్కణ్ణుంచి మనకు వేయించుకోవడం రెండోది. మూడోది మనవాళ్లకు చెప్పక్కర్లేదు: డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న అన్నావదినలు వచ్చేటప్పుడు తేవడం. ఏది మేలో తేల్చేది వస్తువు ధర కాదు, దాని సైజు అంటాను నేను. ఎందుకో చెబుతాను గానీ, ముందు సుంకం సంగతి తేల్చుకోవాలి. మొదటి రెండు దారుల్లో అది తప్పదు.

సొంత వాడకానికి కొరియర్‌లోనో పోస్టులోనో వచ్చే వస్తువులకు కస్టమ్స్‌లో 9804 అని ఒక పద్దు ఉంది. పెన్నయినా చెప్పులైనా చాలావరకు ఈ ఒక్క రేటే. ఒకప్పుడు అన్నీ కలిపి 42.08 శాతం పడేది. తర్వాత బేసిక్ డ్యూటీ 35 శాతం అయింది. దాని మీద 10 శాతం సర్‌ఛార్జి, వస్తువు విలువతో కలిపి ఆ మొత్తం మీద 28 శాతం ఐజీఎస్టీ (దిగుమతుల మీద పడే జీఎస్టీ) వేసేసరికి 77.28కి ఎక్కి కూచుంది. అంటే 10 వేల పార్శిల్‌కు 7,728 రూపాయల సుంకం. తర్వాత ఈ బేసిక్ డ్యూటీ 20 శాతానికి దిగింది, 2026 బడ్జెట్‌లో దాన్ని 10కి తగ్గిస్తున్నట్టు ప్రకటించారు. కాబట్టి పాత యూట్యూబ్ వీడియోల లెక్కలు పట్టుకుని భయపడకండి, సంబరపడకండి. ఆర్డరు పెట్టిన రోజుది కాదు, సరుకు ఇక్కడికి వచ్చి కస్టమ్స్ ముందుకు వెళ్లే రోజున ఉన్న రేటే మీ రేటు.

రేటు మారినా లెక్క కట్టే పద్ధతి మారదు. సుంకం వస్తువు ధర ఒక్కదాని మీదే వేయరు. షిప్పింగ్, ఇన్సూరెన్స్ కలిపిన మొత్తం మీద వేస్తారు. 1,500 రూపాయల ఇంకు సీసాకు 2,500 షిప్పింగ్ అయితే సుంకం 4,000 మీద పడుతుంది. చవక వస్తువును ఖరీదైన కొరియర్‌లో తెప్పించడం దండగ అనేది ఇందుకే.

"గిఫ్ట్ అని రాయమంటారా? 10 డాలర్లు అని వేయమంటారా?" అని అడిగే అమ్మకందార్లు ఇంకా ఉన్నారు. వద్దని చెప్పండి. 5 వేల లోపు బహుమతులకు సుంకం లేని రోజులు 2019 డిసెంబర్‌తో పోయాయి. చైనా షాపింగ్ యాప్‌లు అమ్మిన సరుకునంతా బహుమతుల పేరుతో దించుతుండటంతో ప్రభుత్వం ఆ వెసులుబాటు ఎత్తేసింది. రాఖీల్లాంటి ఒకటి రెండింటికే మిగిల్చింది. పైగా అనుమానం వస్తే అధికారులే విలువ కడతారు, పార్శిల్ అక్కడే కూచుంటుంది. దారిలో పోతే ఇన్సూరెన్స్ వచ్చేది కూడా రాసిన ఆ 10 డాలర్లకే.

ఇక నేరుగా తెప్పించుకునే దారి. ఇందులోనూ రెండు రకాలున్నాయి, తేడా పెద్దది. అమెజాన్ అమెరికా సైటు లాంటివి సుంకాన్ని డిపాజిట్‌గా చెకవుట్ దగ్గరే కట్టించుకుంటాయి. అసలు సుంకం తక్కువైతే మిగిలింది వెనక్కి వేస్తాయి. కట్టేశాక ఇంకెవరూ మన జేబు వైపు చూడరు. రెండో రకంలో షాపు చేతులు దులుపుకుంటుంది. సరుకు ఇక్కడికి వచ్చాక కొరియర్ సుంకం అడుగుతుంది, దాంతోపాటు "మీ తరఫున ముందుగా కట్టాం" అంటూ తన ఫీజు, ఆ ఫీజు మీద జీఎస్టీ కూడా వేస్తుంది. చిన్న పార్శిళ్లకు ఈ ఫీజే చురుక్కుమంటుంది. మామూలు పోస్టులో వస్తే ఆ బాదుడు ఉండదు. చెన్నై, ముంబై లాంటి చోట్ల విదేశీ తపాలా కార్యాలయంలో చూసి, సుంకం వేసి పంపుతారు, పోస్ట్‌మ్యాన్ రసీదు ఇచ్చి వసూలు చేసుకుంటాడు. కానీ ట్రాకింగ్ రోజుల తరబడి ఒకే ఊరి పేరు చూపిస్తుంది. అది భరించగలిగే ఓపిక ఉంటే పోస్టే చవక.

రెండు చిన్న సంగతులు. 2020 తర్వాత ఇచ్చిన కార్డుల్లో విదేశీ చెల్లింపులు మనం ఆన్ చేస్తే తప్ప పనిచేయవు. బ్యాంకు యాప్‌లో ఆన్ చేసి, పనయ్యాక ఆపేయండి, ఎందుకంటే చాలా విదేశీ సైట్లు ఓటీపీ అడగవు. బిల్లు రూపాయల్లో చూపించమంటారా అని సైటు అడిగితే డాలర్లలోనే ఉంచండి. వాళ్లు వేసే మారకం రేటు కన్నా బ్యాంకు వేసే 2 నుంచి 3.5 శాతం అదనపు కోతే (మార్కప్) సాధారణంగా నయం.

కొరియర్లు కేవైసీ అడగడం నిజమే. ఆధార్ లాంటి గుర్తింపు లేకుండా పార్శిల్ కస్టమ్స్ దాటదు. ఇదే అదనుగా "మీ పార్శిల్‌లో మత్తుమందు దొరికింది, వీడియో కాల్‌లోకి రండి" అనే దొంగలూ తయారయ్యారు. ట్రాకింగ్ నంబరు మన ఆర్డర్లో ఉన్నదేనా అని చూసుకుని, కొరియర్ సైటు మనమే తెరిచి అందులో వివరాలు ఇవ్వాలి. మెసేజ్‌లో వచ్చిన లింకు జోలికి పోవద్దు.

అద్దె అడ్రసు దారి అన్ని షాపులూ ఇండియాకు పంపవు కాబట్టి పుట్టింది. డెలావేర్, ఒరెగాన్ రాష్ట్రాల్లో సేల్స్ ట్యాక్స్ లేదు, అందుకే ఇలాంటి గోడౌన్లు అక్కడ పెడుతుంటారు. జపాన్‌లో బయీ, జెన్‌మార్కెట్ లాంటి మధ్యవర్తులు ఇంకో అడుగు ముందుకేసి మన బదులు వాళ్లే కొంటారు. అక్కడి సెకండ్‌హ్యాండ్ మార్కెట్లో పాత కెమెరా లెన్సులు, పెన్నులు కొనేవాళ్లకు వాళ్లే దిక్కు. ఈ పద్ధతికున్న అసలు లాభం నాలుగు షాపుల సరుకును ఒకే పెట్టెలోకి మార్చి పంపించుకోవడం. ఖాళీ డబ్బాలు తీసేయమని కూడా చెప్పవచ్చు, అది తప్పకుండా చెప్పాలి.

ఎందుకంటే విమానంలో తూకం కిలోల్లో మాత్రమే ఉండదు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తే వచ్చేది ఒక బరువు. కాటా మీద చూపించేది ఇంకో బరువు. రెంటిలో ఏది ఎక్కువైతే దానికి డబ్బు కట్టాలి. 60, 40, 30 సెంటీమీటర్ల పెట్టెలో 5 కిలోల టెలిస్కోపు ఉందనుకోండి. 72,000ని 5,000తో భాగిస్తే 14.4. కట్టాల్సింది 14.4 కిలోలకు! దూదిబస్తాకు ఇనుము ఛార్జీ కట్టినట్టు. ఆ ఛార్జీ మీద మళ్లీ సుంకం పడుతుందని పైన చెప్పుకున్నాం. పెద్ద సైజు వస్తువుకు ఈ దారి ఎప్పుడూ గిట్టదు. చిన్న వస్తువు ఒక్కటే అయినా గిట్టదు, గోడౌన్ ఖర్చులు నెత్తిన పడతాయి. నాలుగైదు చిన్నవి కలిసొచ్చినప్పుడే దీని అందం.

మూడో దారి ఎలా నడుస్తుందో తెలుగిళ్లలో అందరికీ తెలుసు.

"వదినా, మీ అడ్రసుకు ఒక చిన్న పార్శిల్ వస్తుంది, తెచ్చిపెడతావా?"

"చిన్నదంటే ఎంత, చిన్నా? మీ అన్నయ్య ఇప్పటికే పెట్టెలు తూకం వేసేశారు. ఒకటి 22.6 ఉందట."

"నాలుగు అగ్గిపెట్టెలు పేర్చినంత."

"అయితే నా హ్యాండ్‌బ్యాగులో పడేస్తాలే. డబ్బుల మాట మాత్రం ఎత్తకు."

డబ్బుల మాట ఎత్తకు అన్నచోటే ఈ దారి ఖరీదు మొదలవుతుంది. డబ్బు తీసుకోరు కాబట్టి రెండోసారి అడగడానికి నోరు రాదు. వస్తువు పగిలి వచ్చినా చెప్పలేం. వాపసు ఇవ్వాలంటే గడువు వాళ్లు విమానం ఎక్కకముందే అయిపోతుంది. నా పద్ధతి ఏమిటంటే ఆర్డరు పెట్టకముందే డబ్బు వాళ్ల ఇక్కడి ఖాతాలో వేసేయడం. వేశాక కాదనడం కష్టం కదా.

రూపాయల లెక్కలో మాత్రం దీన్ని కొట్టేది లేదు. బ్యాగేజ్ రూల్స్ ప్రకారం విదేశం నుంచి విమానంలో వచ్చే మనవాళ్లకు తలా 50 వేల రూపాయల వరకు సుంకం ఉండేది కాదు, 2026 ఫిబ్రవరి నుంచి ఆ హద్దును 75 వేలు చేశారు. 18 ఏళ్లు నిండిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్ దీనికి అదనంగా తెచ్చుకోవచ్చు. ఫ్లాట్ టీవీకి ఈ మినహాయింపు లేదు, శంషాబాద్‌లో దిగిన పెట్టె మీద టీవీ బొమ్మ కనబడితే సుంకం రాసేస్తారు. ఆ 75 వేలు అన్నావదినల హద్దు, మన ఒక్కరిది కాదన్నదీ గుర్తుంచుకోవాలి. అత్తగారికి పెర్ఫ్యూము, బావగారికి వాచీ, పిల్లలకు చాక్లెట్లు అన్నీ అందులోనే. సీలు తీయని ఫోన్లు మూడు నాలుగు పెట్టి పంపితే, సుంకం కట్టాల్సిందేమీ లేదనేవాళ్లు వెళ్లే గ్రీన్ ఛానల్ దగ్గర సమాధానం చెప్పుకోవాల్సింది మనం కాదు, వదిన.

ఫోను అంటే గుర్తొచ్చింది. అమెరికాలో అమ్మే ఐఫోన్లకు 14వ మోడల్ నుంచి సిమ్ పెట్టే గాడి లేదు, ఫోన్లోనే ఇమిడి ఉండే ఈసిమ్ ఒక్కటే. జియో, ఎయిర్‌టెల్, వీఐ ఈసిమ్ ఇస్తాయి కాబట్టి పని నడుస్తుంది. కానీ ఫోను మొరాయించిన రోజు సిమ్ తీసి పాత ఫోన్లో వేద్దామంటే కుదరదు. ఇంట్లో పెద్దవాళ్లకయితే నేను ఆ ఫోను తెప్పించను.

వంటింటి సామాన్ల మోజు ఉన్నవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. అమెరికా కరెంటు 120 వోల్టులు, జపాన్‌ది 100. మన 230లో పెడితే అక్కడి రైస్ కుక్కర్ మొదటి అన్నం కూడా వండదు. ట్రాన్స్‌ఫార్మర్ కొని పెట్టుకుంటే అది కుక్కర్ కన్నా బరువు. వెనకాల లేబుల్ మీద 100-240 అని ఉంటేనే ముందుకెళ్లాలి. ల్యాప్‌టాప్, ఫోను ఛార్జర్లకు సాధారణంగా ఆ బెంగ లేదు.

పైవేవీ కాకుండా ఇక్కడి సైట్లలోనే "ఇంపోర్టెడ్" అని అమ్మేవాళ్లున్నారు. డెలివరీ 15, 20 రోజులని చూపిస్తే సరుకు వాళ్ల దగ్గర లేదని, మన డబ్బుతో ఆర్డరు పెట్టి తెప్పిస్తారని అర్థం. అంత ఎక్కువ ఇచ్చి కొనేకన్నా మనమే తెప్పించుకోవచ్చు. నిజంగా స్టాకు ఉన్న ఇండియా డీలరైతే కథ వేరు. వారంటీ ఇక్కడే, రిపేరు ఇక్కడే, నచ్చకపోతే వెనక్కివ్వడం ఇక్కడే.

అందుకని నా వరకు ఇలా. జపాన్ ఫౌంటెన్ పెన్ను కావాలంటే నేరుగా, పోస్టులో. పెన్ను, ఇంకులు, నోటుబుక్కులు తలా ఒక షాపులో ఉంటే మధ్యవర్తి గోడౌన్‌కు. లెన్సు లాంటి చిన్న, ఖరీదైన వస్తువుకు వదిన హ్యాండ్‌బ్యాగు, అదీ ఏడాదికి ఒక్కసారి. టెలిస్కోపు, కుక్కర్, స్పీకర్లు, రిపేరుకు వెళ్లే అవకాశమున్న ఏ యంత్రమైనా ఇక్కడి డీలర్ దగ్గరే, 4 వేలు ఎక్కువైనా సరే.

ఏ దారిలోనూ తెప్పించకూడనివీ ఉన్నాయి. డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరిలో నిషేధించారు, విడిభాగాలకు ఆ నిషేధం లేదు. ఈ-సిగరెట్లు 2019 నుంచే నిషిద్ధం. మిద్దె తోటల వాళ్లు విదేశీ టమాటా విత్తనాల ప్యాకెట్లు చూసి ముచ్చటపడుతుంటారు గానీ, విత్తనాలకు మొక్కల క్వారంటైన్ నిబంధనల ప్రకారం అనుమతి పత్రాలు కావాలి. కవర్లో వచ్చినా, హ్యాండ్‌బ్యాగులో వచ్చినా రూలు అదే.