రోజూ ప్రార్థన నిలవాలంటే ఏది మేలు: సొంత మాటలా, కీర్తనల క్రమమా?

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డు అందుకుని, ఈ ఏడాదైనా ప్రతి ఉదయం ప్రార్థనలో గడపాలని తీర్మానించుకునే విశ్వాసులు మన సంఘాల్లో ఎందరో ఉన్నారు. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలం మొదలయ్యేనాటికే ఆ తీర్మానం సడలిపోతే, భక్తి చాలకపోవడమే కారణమని ప్రసంగాల్లో తరచూ వింటాం. ఈ మాటతో నేను ఏకీభవించలేను. మోకరించాక ఏమి పలకాలో ప్రతి ఉదయం కొత్తగా వెతుక్కోవలసి రావడం వల్లనే ఎక్కువమంది అలసిపోతారని నా నమ్మకం. కనుక మన మధ్య ఉన్న రెండు పద్ధతులను పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకటి, స్తుతి, ఒప్పుకోలు, విజ్ఞాపన అన్నీ ఆ పూట తోచిన మాటల్లో చెప్పుకునే సొంత ప్రార్థన. రెండవది, బైబిలులోని కీర్తనల గ్రంథం నుండి ఆ రోజుకు నియమించిన కీర్తనలు పైకి చదివి, ప్రభువు నేర్పిన ప్రార్థనతో ముగించే క్రమ ప్రార్థన.

సొంత మాటల ప్రార్థనకు బైబిలులో ఘనమైన స్థానం ఉంది. షిలోహులో హన్నా పెదవులు మాత్రమే కదిలాయి, స్వరం వినబడలేదు. యాజకుడైన ఏలీ ఆమె మత్తులో ఉందనుకున్నాడు. అర్తహషస్త రాజు ఎదుట నిలబడిన నెహెమ్యా, రాజు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పబోయే ముందు, ఆ కాస్త వ్యవధిలోనే ఆకాశమందలి దేవునికి ప్రార్థన చేశాడు. ఆపరేషన్ థియేటరు బయట కూర్చున్న తల్లికి ఏ పుస్తకమూ అవసరం లేదు. బాప్టిస్టు, బ్రదరన్, పెంతెకొస్తు సంఘాల్లో పెరిగినవారు ఈ పద్ధతినే ప్రార్థన అని నేర్చుకున్నారు, అందులో వారు పొందిన మేలు చిన్నది కాదు.

అయితే కష్టకాలంలో హృదయాన్ని కుమ్మరించడం వేరు, ఏ విశేషమూ లేని మంగళవారం ఉదయం ప్రార్థించడం వేరు. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన నర్సుకో, పిల్లల క్యారేజీలు సర్దుతున్న ఇల్లాలికో ఆ పూట మాటలు రావు. అప్పుడు "రాత్రంతా కాచి కాపాడినందుకు స్తోత్రం, ఈ దినమంతా తోడుగా ఉండండి" అన్న రెండు వాక్యాలు, వాటి వెనుక ఇంట్లోవారి పేర్లు వస్తాయి, అంతటితో ప్రార్థన ముగుస్తుంది. నెలల తరబడి అదే సాగితే ఆ రెండు వాక్యాలే ఒక క్రమంగా మారతాయి. ఎవరూ రాసిపెట్టకపోయినా అది క్రమమే, పైగా చాలా పలచనిది.

క్రమ ప్రార్థన సంఘానికి పుట్టుకతోనే వచ్చింది. పేతురు, యోహాను పగలు మూడు గంటల ప్రార్థనకాలంలో దేవాలయానికి వెళ్లారు. ప్రభువు ప్రార్థనను రోజుకు మూడుసార్లు చెప్పమని ఆదిమ సంఘపు బోధనా గ్రంథమైన డిడాకే ఆదేశించింది. ఆరవ శతాబ్దంలో బెనెడిక్టు తన సన్యాసులకు 150 కీర్తనలనూ వారానికొకసారి పూర్తిచేసే నియమం పెట్టాడు. 1549లో ఇంగ్లండు సంఘపు ప్రార్థన గ్రంథం వాటినే నెల రోజులకు పంచి, ఉదయ సాయంకాలాలు రెండు పూటలకు కుదించింది. పొలం పనికి, కొలువుకు వెళ్లేవారు సన్యాసుల వేళలు పాటించలేరు గనుక ఆ కుదింపు ఎంతో మేలు చేసింది. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘానికి (సి.ఎస్.ఐ.) ఆ వారసత్వంలో వాటా ఉంది. కతోలికులకైతే ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం మోగే గుడి గంటతో త్రికాల జపం ఉండనే ఉంది.

మన పల్లెల సంగతి ఇక్కడ తప్పక చెప్పాలి. 1912లో బిషప్‌గా అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్యగారి దోర్నకల్ అధ్యక్ష మండలంలో (డయోసిస్‌లో) చేరినవారిలో అత్యధికులు చదువురాని కూలీలు. పగలంతా పొలంలో ఉండేవారికి సాయంత్రం ప్రార్థనలో ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు, తెలుగు క్రైస్తవ పాటలు నోటికి వచ్చేదాకా వల్లె వేయించేవారు. అక్షరం రానివారి చేతికి ప్రార్థన అందింది ఆ కంఠస్థం వల్లనే. దీనిని తక్కువచేసి మాట్లాడడం నాకు బాధ కలిగిస్తుంది.

చదివి చేసేది ప్రార్థనే కాదనేవారు మత్తయి 6:7 చూపిస్తారు. వ్యర్థమైన మాటలు వచించవద్దని ప్రభువు అన్న మాట నిజమే. కానీ రెండు వచనాల తర్వాత తానే ఒక ప్రార్థన నేర్పాడు, లూకా సువార్తలో దానిని పలకమనే చెప్పాడు. సిలువ మీద ఆయన నోటి నుండి వచ్చిన మాటల్లో రెండు, 22వ కీర్తన మొదటి వచనం, 31వ కీర్తన అయిదవ వచనం. మరణవేదనలో కుమారుడే కంఠస్థమైన లేఖనంతో ప్రార్థించగా, మన అలసటలో మనం అలా చేయడం భక్తికి తక్కువ ఎలా అవుతుంది?

క్రమంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది మరొకటి ఉంది. ఇంగ్లండు ప్రార్థన గ్రంథపు నెల పంపకంలో 17వ తేదీ ఉదయం 86, 87, 88 కీర్తనలు వస్తాయి. 88వ కీర్తన చీకటితోనే ముగుస్తుంది, చివర ఒక్క ఆదరణ మాట కూడా ఉండదు. సొంతంగా ప్రార్థించేవారెవరూ సంతోషంగా ఉన్న ఉదయాన ఆ మాటలు ఎంచుకోరు. తేదీ ప్రకారం చదివేవారు వాటిని పలకవలసి వస్తుంది, అప్పుడు ఆ వీధిలోనే భర్తను పోగొట్టుకున్న పొరుగామె గుర్తుకు వస్తుంది. మన అవసరాల జాబితాకు అవతల ఉన్నవారిని ప్రార్థనలోకి తెచ్చేది ఆ కీర్తనే.

కాబట్టి మధ్యమధ్యలో ప్రార్థన ఆగిపోతున్నవారికి క్రమమే మేలని నేను తడబాటు లేకుండా చెబుతాను. రెండు పూటలా కుదరనివారు రోజుకొక్క కీర్తన, ప్రభువు ప్రార్థన, ఇద్దరు ముగ్గురి పేర్లతో విజ్ఞాపన పెట్టుకుంటే పది నిమిషాలు చాలు. అయిదు నెలల్లో కీర్తనల గ్రంథం పూర్తవుతుంది. ఏదైనా వచనం మనసును పట్టుకుంటే అక్కడ ఆగి సొంత మాటల్లోకి వెళ్లాలి, ఆ పూట క్రమం పూర్తికాకపోయినా ఫరవాలేదు. ఏళ్ల తరబడి క్రమం పాటిస్తూ, పెదవులు పలుకుతున్నది మనసు వినడం లేదని గ్రహించినవారికి మాత్రం నా సలహా వేరు: కొంతకాలం పుస్తకం మూసి, వచ్చినా రాకపోయినా సొంత మాటలతోనే మోకరించాలి.

వేకువా రాత్రా అన్నది దీని ముందు చిన్న ప్రశ్న. చీకటి ఉండగానే లేచిన ప్రభువు మాదిరి గొప్పదే, కానీ షిఫ్టులు మారేవారు గడియారానికి కట్టుబడడం కన్నా స్నానం తర్వాత, భోజనానికి ముందు అన్నట్లు తప్పనిసరి పనికి ముడిపెట్టుకోవడం నయం. కీర్తనలకు ఫోను వద్దు, అచ్చు బైబిలే కావాలి. వాట్సాప్ సందేశాలు వచ్చే తెర మీద రెండో కీర్తన దాకా చేరడం కష్టం.

ఇక తప్పిన రోజుల విషయం. నాలుగు రోజులు విడిచిపెట్టి అయిదవ రోజు ఆ బాకీ అంతా ఒకేసారి చదవడానికి కూర్చునేవారు ఆ వారంలోనే మళ్లీ మానేస్తారు. తేదీని అనుసరించే క్రమంలో బాకీ ఉండదు. నెల పంపకం ప్రకారం ఈ రోజు 23 అయితే 110వ కీర్తన తెరవాలి, జరిగిపోయిన తేదీల కీర్తనలు వచ్చే నెల అదే తేదీకి వాటంతట అవే వస్తాయి.