రూఫ్ విప్పిన స్టాండర్డ్ హెరాల్డ్: ఏళ్ల తరబడి నడిపాక

చెన్నైలో నేను నడిపేది 1960ల నాటి స్టాండర్డ్ హెరాల్డ్. వండలూరు దగ్గరి ఫ్యాక్టరీలో రెండు తలుపుల సెలూన్‌గా తయారై, తర్వాత రెండో ఓనరు చేతిలో ఓపెన్ స్పోర్ట్స్ కారైంది. ఇలాంటి బండి కొనేవాళ్లు పెయింట్ చూస్తారు, ఇంజిన్ సౌండ్ వింటారు. నన్నడిగితే ముందు కాగితాలు చదవాలి.

మొదటి ఓనరు మైలాపూర్‌లో ప్రాక్టీసు చేసిన తెలుగు డాక్టరు గారు. ఆయన దగ్గర కొన్న కుర్రాడికి మద్రాసు దగ్గరి షోలవరం కారు రేసుల పిచ్చి. రూఫ్ తీయించిందీ, 948 సీసీ ఇంజిన్‌కు జంట ఎస్‌యూ కార్బురేటర్లు (పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపేవి) పెట్టించిందీ అతనే. హెరాల్డ్‌కు చాసిస్ (అడుగు చట్రం) వేరు, బాడీ వేరు. బాడీ భాగాలన్నీ బోల్టులతో బిగించినవే కాబట్టి ఆ పని సాధ్యమైంది. ఇంగ్లండులో హెరాల్డ్‌ను రూపొందించిన ట్రయంఫ్ వాళ్లు 1962లో తెచ్చిన స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారు కూడా ఈ చాసిస్ నుంచి పుట్టిందే.

మూడో ఆయన గుంటూరు పొగాకు వ్యాపారి. మద్రాసు నంబరు పోయి ఆంధ్రా నంబరు వచ్చింది అప్పుడే. ఆయనకు నేను రుణపడి ఉన్నాను. బాడీ మార్పును ఆర్టీఓ ఆఫీసులో ఆర్సీ బుక్కులో రాయించారు, ప్రతి బిల్లూ ఫైల్లో పెట్టారు. నేను ఎన్‌ఓసీతో తిరిగి చెన్నైకి మార్పించుకున్నప్పుడు ఆ ఎంట్రీ లేకపోతే పని జరిగేది కాదు.

ఆ ఫైలు విలువ ముందు చక్రాల దగ్గర తెలిసింది. హెరాల్డ్ ట్రనియన్‌కు (స్టీరింగ్ తిప్పితే ముందు చక్రం తిరిగే మర కీలు) గ్రీజు కాదు, ఈపీ 90 గేర్ ఆయిల్ వేయాలి. గ్రీజు లోపల గట్టిపడితే మర చుట్ల దాకా ఏదీ చేరదు, నీళ్లు మాత్రం చేరతాయి. ఆ కీలులోకి దిగే నిలువు కడ్డీ, అంటే వర్టికల్ లింక్, తుప్పు పట్టి ఒకరోజు విరిగితే చక్రం పక్కకు వాలిపోతుంది. మూడో ఆయన బిల్లుల్లో ఎడమ లింక్ మార్చినట్టుంది, కుడిదాని ఊసే లేదు. నేను కొన్నాక ఒక వర్క్‌షాపులో రెండింటికీ గ్రీజు కొట్టారు. విప్పించి చూస్తే ఎడమది శుభ్రంగా ఉంది. కుడిదాని మర చుట్లు అరిగి, మొదలు దగ్గర ఎర్రటి తుప్పు గుంటలు పడ్డాయి. కొత్తది వేయించేదాకా బండి తీయలేదు.

రిపేరులో, నడకలో దీనికి సాటి లేదు. ముందు భాగమంతా బానెట్‌తో సహా పైకి లేస్తుంది. టైరు మీద కూర్చుని ప్లగ్గులు మార్చుకోవచ్చు. టర్నింగ్ సర్కిల్ సుమారు 25 అడుగులే, టి.నగర్ సందుల్లో ఒక్క తిప్పుకే బండి వెనక్కి తిరుగుతుంది. కానీ వెనక స్వింగ్ యాక్సిల్, అంటే చక్రం ఇరుసుతో పాటే పైకీ కిందికీ ఊగుతుంది. ఈసీఆర్ (చెన్నై తీరం వెంబడి రోడ్డు) మలుపులో సగంలో యాక్సిలరేటర్ వదిలేస్తే వెనక చక్రాలు లోపలికి ముడుచుకుని తోక జారుతుంది. మలుపుకు ముందే స్పీడు తగ్గించాలి.

2021లో వచ్చిన వింటేజ్ రూల్స్ కింద పాత బండ్లకిచ్చే వీఏ సిరీస్ నంబరు దీనికి రాదు. బండికి 50 ఏళ్లు దాటితే చాలదు, చాసిస్, బాడీ, ఇంజిన్ అసలు రూపంలోనే ఉండాలి. షోలవరం రోజుల్ని బండిలోంచి పీకేసి మళ్లీ సెలూన్ చేయడం నాకిష్టం లేదు. మామూలు రిజిస్ట్రేషన్ మీదే నడుపుతున్నాను.

కొనే ఆలోచన ఉంటే ఇంకో మాట. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలుకు పాత రబ్బరు హోసులు ఆగవు, ముందుగా అవి మార్పించండి. మెకానికల్ సామాను స్పిట్‌ఫైర్‌ది చాలావరకు సరిపోతుంది, ఇంగ్లండులో ఇప్పటికీ కొత్తవి చేస్తున్నారు. క్రోమ్ బీడింగులకు మాత్రం చెన్నైలోని పాత బండి సామాన్ల బజారు పుదుపేటలో ఓపిగ్గా తిరగాలి.